కొంగన్న కాలు కదిపిన సంగతి

ఉదయం ఆరున్నరకు వాష్‌బేసిన్ ముందు నిలబడి పళ్ళు తోముకుంటూ కొంగన్న ఎడమకాలు ఎత్తాడు. నోట్లో బ్రష్ ఉండగానే మనసులో లెక్కపెట్టాడు. మూడు అనేసరికి కుడి మడమ వణికింది, చెయ్యి దానంతటదే బేసిన్ అంచు పట్టుకుంది. కాలు దించి, నురగ ఉమ్మి, మళ్ళీ ఎత్తాడు. ఈసారి మూడు కూడా రాలేదు.

పది రావాలి. పది సెకన్లు ఒంటికాలి మీద నిలబడితే గానీ కాగితం మీద సంతకం పడదు. కాగితం లేనిదే కూతురు తాళంచెవి ఇవ్వదు. తాళంచెవి లేనిదే నిచ్చెన కదలదు. నిచ్చెన లేకపోతే ఐదంతస్తుల కాలేజీ మెట్ల హాలుకు రంగు వేసే పని ఇంకెవరికో పోతుంది.

అతని వయసు అరవై తొమ్మిది. నలభై ఆరేళ్ళుగా గోడలకు రంగులు వేస్తున్నాడు. కొంగన్న అన్నది తోటి పెయింటర్లు పెట్టిన పేరు. మడత నిచ్చెన పై మెట్టు మీద ఒక కాలు మోపి, రెండోది మడిచి వెనక్కి పెట్టి, పైకప్పు మూలకు బ్రష్ చాచే తీరు చూసి పెట్టారు. కిందికి దిగకుండానే నిచ్చెనను నడిపించేవాడు కూడా. పైన చెరోపక్క కాలు వేసి కూర్చుని, నడుం విదిలిస్తూ, నిచ్చెన కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి జరుపుకుంటూ గది ఈ చివర నుంచి ఆ చివరికి పోయేవాడు. అలాంటివాడికి ఇప్పుడు నేల మీద మూడు సెకన్లు గగనమైపోయింది.

పడింది ఐదు నెలల కిందట. వంటగదికీ పడగ్గదికీ మధ్య నడవాలో, పట్టపగలు, చేతిలో టీ గ్లాసుతో. కాళ్ళు తుడుచుకునే పట్టా అంచు బొటనవేలికి తగిలింది. అంతే. ఎడమ మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. అడిగినవాళ్ళందరికీ మాత్రం "నిచ్చెన మీంచి పడ్డా" అని చెప్పాడు. కొందరికి పన్నెండడుగుల ఎత్తు అని కూడా చేర్చాడు. పెయింటరు నిచ్చెన మీంచి పడితే అందులో ఒక పద్ధతుంది. పట్టా మీద పడ్డానని ఏ ముఖంతో చెప్పుకుంటాడు?

ఆ అబద్ధం అతని కంటే ముందే కాంట్రాక్టరు చెవిన పడింది. కాంట్రాక్టరు ఒకప్పుడు కొంగన్న పక్కన నిలబడి గోడకు లప్పం పట్టడం నేర్చుకున్నవాడే.

"బాబాయ్, ఆ మెట్ల హాలు నువ్వు చేస్తే నేను హాయిగా నిద్రపోతా. కానీ పన్నెండడుగుల నుంచి పడ్డావంట కదా, రేపు అక్కడ ఇంకోసారి పడితే నా గతేంటి?"

"నా గతి అడగవేంరా?"

"నీ గతి మా చెల్లెలు చూసుకుంటది. కాలేజీ సెలవులకు ఇంకా మూడు నెలలుంది. నువ్వు బాగున్నావని ఎవరి చేతనైనా రాయించుకురా. లేదంటే స్ప్రే మిషన్ వాళ్ళకి ఇచ్చేస్తా."

మా చెల్లెలు అన్నది కొంగన్న కూతుర్ని. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. తల్లి పోయిన ఏడు తండ్రిని తన రెండు గదుల ఇంటికి తెచ్చుకుంది. నాన్న ఎక్కడ పడ్డాడో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కట్టు విప్పిన మర్నాడే నిచ్చెనను మెట్ల దగ్గర కమ్మీలకు సైకిలు గొలుసుతో కట్టి, తాళంచెవి తన డ్యూటీ బ్యాగులో వేసుకుంది.

"నేల మీద పడేవాడివి నిచ్చెన ఎక్కుతానంటే నేను చూస్తూ కూర్చోలేను నాన్నా. లైబ్రరీ వెనక హాల్లో పెద్దవాళ్ళకి క్లాసు ఉంది. పన్నెండు వారాలు. కాగితం తే, తాళంచెవి తీసుకో."

"పడకుండా నిలబడ్డానికి క్లాసా?"

"నీకు వచ్చుంటే పడేవాడివి కాదుగా."

క్లాసు మంగళ, శుక్రవారాలు, సాయంత్రం నాలుగింటికి. కొంగన్న మూడుంబావుకే వెళ్ళి హాలు బయట అటూ ఇటూ తిరిగేవాడు. లోపలికి పోయి కుర్చీలో కూర్చుంటే వేళ్ళు ఊరుకునేవి కావు, కిటికీ చెక్క మీద లేచిన రంగు పెచ్చులు గోటితో గీకేవి. రెండు వారాల్లో ఆ కిటికీ ఒక పక్కంతా బోసిపోయింది.

నేర్పే అమ్మాయి ఫిజియోథెరపీ చదివింది. వచ్చిన ప్రతివాళ్ళ నడుముకూ వెడల్పాటి బెల్టు ఒకటి కట్టి, వెనక పట్టుకుని నడిపిస్తుంది కాబట్టి అందరికీ ఆమె బెల్టు మేడమ్. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మెత్తటి స్పాంజి దిండు మీద నిలబడడం. నేల మీద అంటించిన పసుపు టేపు గీత మీద, ముందు కాలి మడమకు వెనక కాలి వేళ్ళు తగిలేలా నడవడం.

గీత మీద నాలుగో అడుగుకే కొంగన్న పక్కకు తూలాడు.

"ఈ గీత వంకరగా ఉంది," అన్నాడు.

పక్క కుర్చీలో డెబ్బై నాలుగేళ్ళ రిటైరైన లెక్కల టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నలభై మంది నడిచారయ్యా దాని మీద. ఎవరికీ కనబడని వంకర నీకే కనబడిందా?"

తర్వాతి క్లాసుకు అతను జేబులో దారపు ఉండ తెచ్చాడు. పాత టేపు పీకి, రంగు పొడి అద్దిన దారం ఈ గోడ నుంచి ఆ గోడకు బిగలాగి ఒక్క దెబ్బ కొట్టి, ఆ గుర్తు మీద కొత్త టేపు వేశాడు. నిజంగానే పాతది ఒక చివర అంగుళమున్నర పక్కకు పోయింది. తర్వాత దాని మీద నడిచాడు. ఐదో అడుగుకు తూలాడు.

"పాపం," అంది టీచరమ్మ, "ఇక తప్పు గీత మీదికి నెట్టడానికి కూడా లేకుండా చేసుకున్నావు."

మూడో వారంలో మేడమ్ కొత్త పని పెట్టింది. ఎదురుగా నిలబడి, తన అరచేతులు కొంగన్న భుజాలకు ఆనించి, బరువంతా తన మీద వేసి ముందుకు వంగమంది. పక్కన ఆమె సహాయకుడు బెల్టు పట్టుకున్నాడు. "ఎప్పుడు వదుల్తానో చెప్పను అంకుల్. వదిలినప్పుడు మీరు ఒక అడుగు ముందుకు వేసి నిలబడాలి. అంతే."

ఆమె వదిలింది. కొంగన్న అడుగు వేయలేదు. పాదాలు రెండూ నేలకు అతుక్కున్నాయి, మోకాళ్ళు బిగిశాయి, కుడి చెయ్యి గాల్లో గోడ కోసం వెతికింది. కూలిన కరెంటు స్తంభంలా ముందుకు ఒరిగాడు. బెల్టు పట్టుకున్నతను లాగకపోతే ముఖం పగిలేది. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. ఆరుసార్లు చేస్తే ఆరుసార్లూ అంతే. ఆ గదిలో అందరికంటే బలమైన కాళ్ళు అతనివి. టీచరమ్మ సైతం గునుస్తూ గునుస్తూ ఒకడుగు వేసి నిలబడింది.

"మీరేం పని చేసేవారు అంకుల్?"

"చేసేవాణ్ణి కాదు, చేస్తా. పెయింటర్ని."

"నిచ్చెన మీద ఊగితే ఏం చేస్తారు?"

అతనికి చెప్పడం తేలిక. "బిగబట్టాలి. కాలు మాత్రం కదపకూడదు. కాలు తీస్తే కింద మెట్టుండదు కదా. పాదాలు బిగించి, చేత్తో గోడ అందుకోవాలి. మా మేస్త్రీ మొదటి రోజే నిచ్చెన ఎక్కించి, కింద నుంచి ఊపి, కాలు కదిపినప్పుడల్లా పిక్క మీద బెత్తంతో కొట్టాడు. వారంలో వచ్చేసింది."

"నలభై ఆరేళ్ళు అదే చేశారు."

"అదే చేశా కాబట్టే ఒక్కసారీ పడలేదు," అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. క్లాసులో అందరికీ పన్నెండడుగుల కథే చెప్పి ఉన్నాడు. టీచరమ్మ కళ్ళజోడు మీంచి అతని వైపు చూసింది.

"మరి నేల మీద తూలినప్పుడు అడుగు వేయాలి," అంది మేడమ్. "ఒంట్లో బలముంది. కాలికి అడుగు వేసే సంగతే తెలియదు. అంతే తేడా."

ఇంటికి పోయి నడవాలో నిలబడ్డాడు. పడిన రోజులాగే పట్టా అంచుకు బొటనవేలు తగిలించాడు. పాదాలు బిగించాడు. చెయ్యి చాచాడు. గోడ చెయ్యి దూరానికి ఒక జానెడు అవతల ఉంది. ఆ రోజు జరిగింది అదీ. ఒక్క అడుగు వేసి ఉంటే టీ ఒలికేది, అంతకుమించి ఏమీ అయ్యేది కాదు.

ఇక మనిషి కుదురుగా ఉంటే ఒట్టు. స్టవ్ మీద పాలు పెట్టి ఒంటికాలు ఎత్తేవాడు, పాలు పొంగేవి. బస్టాపులో వేళ్ళ ముందు మడమ పెట్టి నడుస్తుంటే జనం దారి ఇచ్చి పక్కకు తప్పుకునేవాళ్ళు. కూతురు డ్యూటీ దిగి రావడమే ఆలస్యం, చెప్పులైనా విప్పనివ్వకుండా గది మధ్యలో, మంచం ముందు నిలబడేవాడు.

"తొయ్యి."

"తోస్తున్నా నాన్నా."

"చెప్పి తోస్తే ఏం లాభం?"

"చెప్పకుండా తోస్తే పోలీసు కేసవుద్ది."

తోసేది. అతను మంచం మీద బోర్లా పడేవాడు. లేచేవాడు. ఏడో వారానికి పక్క వాటాలోవాళ్ళు వచ్చి, రోజూ సాయంత్రం మీ ఇంట్లో ఏం పడుతోందని అడిగారు. "మా నాన్న," అంది కూతురు.

తొమ్మిదో వారంలో ఒక మంగళవారం, క్లాసు నుంచి తిరిగి వస్తుంటే బస్సు ఉన్నట్టుండి బ్రేకు వేసింది. కొంగన్న అప్పుడే సీట్లోంచి లేచాడు, చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒంట్లో అదివరకు ఎప్పుడూ జరగనిది జరిగింది. కుడికాలు ముందుకు పడింది, వెనకే ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. మూడు అడుగుల తర్వాత చూసుకుంటే డ్రైవరు వెనక, ఎవరినీ ఏదీ పట్టుకోకుండా నిలబడి ఉన్నాడు. టీచరమ్మ అదే బస్సులో ఉంది.

"ఏమయ్యా, బాగానే వచ్చిందే నడక," అంది.

"నేను నడవలేదు టీచరమ్మా. అదే నడిచింది."

అక్కణ్ణుంచి మేడమ్ ముందుకు వదిలినా, వెనక్కి వదిలినా, పక్కకు వదిలినా కాలు వెళ్ళేది. పన్నెండో వారం చివరి శుక్రవారం లెక్కలు తీశారు. ఒంటికాలి మీద పదకొండు సెకన్లు. చేతులు వాడకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం పదమూడు సెకన్లు. గీత మీద పది అడుగులు, తూలకుండా. మేడమ్ కాగితం మీద సంతకం పెట్టింది. అతను దాన్ని మడవకుండా, రెండు చేతుల మధ్య పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

కూతురు మాట తప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం గొలుసు విప్పి, ఇద్దరూ కలిసి నిచ్చెనను ఇంటి ముందు వసారాలో నిలబెట్టారు. సోమవారం నుంచి కాలేజీ పని. కొంగన్న మెట్లను గుడ్డతో తుడిచి, మడత దగ్గర బోల్టులు బిగించి, ఎక్కాడు. మొదటి మెట్టు. రెండోది. అక్కడ ఆగి పైకప్పు కేసి చెయ్యి చాచాడు. నిచ్చెన వెనక కాలు నేల పలకల సందులోకి ఒక గోరంత దిగి, ఊగింది. నలభై ఆరేళ్ళలో కొన్ని వేలసార్లు ఊగిన ఊపే.

కుడికాలు ముందుకు అడుగు వేసింది. అక్కడ మెట్టు లేదు.

కిందికి వచ్చి పాదం నేలకు తగిలింది, రెండో కాలు దాని వెంట వచ్చింది, ఇంకో రెండడుగులు వేసి గేటు దగ్గర నిలబడ్డాడు. దెబ్బ తగల్లేదు. కూతురు నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని చూస్తోంది.

మళ్ళీ ఎక్కాడు. ఈసారి మొదటి మెట్టు మీదే ఆగి, నడుముతో తనే ఊపాడు. కాలు గాల్లోకి లేచింది. బిగబట్టి ఇంకోసారి ఊపాడు. లేచింది. నాలుగోసారి పాదాల వైపు చూస్తూ, కదలొద్దని వాటికి మనసులో చెబుతూ ఊపాడు. అప్పుడూ లేచింది. దిగి, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"మూడు నెలలు పట్టింది ఈ కాలికి ఇది నేర్పడానికి," అన్నాడు.

"మేడమ్‌ని అడుగుదామా నాన్నా? నిచ్చెన మీద మాత్రం కదలకుండా ఉండేట్టు..."

"అడిగితే రెండిట్లో ఏదో ఒకటి ఉంచుకోమంటది. ఏది ఉంచుకోమంటావ్?"

కూతురు నడవా వైపు చూసింది. నిచ్చెన మడిచేసింది. తాళంచెవి ఈసారి బ్యాగులో వేసుకోలేదు, కిటికీ గూట్లో పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు. సాయంత్రం దాకా వసారాలో తిరుగుతూనే ఉన్నాడు. చీకటి పడే వేళకు బ్రష్‌లున్న డబ్బా కిందికి దించి, ఒక్కొక్కటీ తీసి, వెంట్రుకలు విడదీసి చూసుకున్నాడు.

సోమవారం ఎనిమిదింటికి కాలేజీ మెట్ల హాల్లో కాంట్రాక్టరు అతని చేతిలోని కాగితం చదివాడు, వెనక ఏమైనా ఉందేమోనని చూశాడు.

"అంతా బాగుందిగా బాబాయ్. నిచ్చెనేది?"

"నేను నిచ్చెన మీంచి పడలేదురా. కాళ్ళు తుడుచుకునే పట్టా తట్టుకుని పడ్డా."

కాంట్రాక్టరు నవ్వాడు. అతను నవ్వకపోవడం చూసి ఆపాడు.

కొంగన్న గోడకు ఎదురుగా, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా నిలబడి, బ్రష్ పట్టిన చెయ్యి అందినంత పైకి చాచి, బ్రష్ కొస తగిలిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టాడు. జేబులోంచి దారం తీసి ఒక కొస కాంట్రాక్టరు చేతిలో పెట్టాడు.

"ఈ గీతకి కింద నాది. పైది ఎవరికిస్తావో ఇచ్చుకో. వాళ్ళ రంగు నా మీద కారకుండా చూడు."

"అంతేనా బాబాయ్?"

"మంగళ, శుక్రవారాలు మూడింటికే దిగిపోతా. పడకుండా నిలబడే క్లాసు మేడమ్ కొత్త బ్యాచికి కూడా నన్ను రమ్మంది."

మెట్ల వెంబడి ఐదో అంతస్తు దాకా దారం కొట్టుకుంటూ పోయేసరికి మధ్యాహ్నమైంది. గీత ఎత్తు ప్రతి మెట్టు దగ్గరా ఒక్కటే, ఏడడుగుల రెండంగుళాలు.