హారనక్క, సర్కారు, ఒక కిడ్నీ

హారనక్క అసలు పేరు మా డిపోలో జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. మలుపు కనిపిస్తే హారన్, కుక్క కనిపిస్తే హారన్, రోడ్డు ఖాళీగా కనిపిస్తే ఆ సంతోషం పట్టలేక ఇంకో హారన్. ఆవిడ నడిపే బస్సు వస్తోందని రెండు వీధుల అవతలి వాళ్లకి కూడా తెలిసిపోయేది. ఆ బస్సుకి కండక్టర్ని నేనే. పక్కనుండి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ ఏడాది మా డిపోలో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు.

మొదలు మా షెడ్డు మేస్త్రితో, అంటే బస్సులు బాగుచేసే పెద్ద మెకానిక్కుతో. సగం జీవితం బస్సుల కిందే పడుకుని గడిపిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క చెల్లెలూ చక్కెర జబ్బుతో మందుల మీద బతుకుతోంది. ఆయనకీ హారనక్కకీ రోజూ పొద్దున్నే పోట్లాట. బ్రేకు నొక్కమని పెడితే తొక్కి చంపుతున్నావని ఆయన, నీ బ్రేకు మాట వినదు, నీలాగే ఉందని ఆవిడ. ఒకరోజు ఆ గొడవ వినపడకపోతే మాకు డ్యూటీ ఎక్కినట్టే ఉండేది కాదు.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి కాళ్లు వాచాయి. బూట్లు పట్టక చెప్పులేసుకుని షెడ్డుకి వచ్చేవాడు. ఆస్పత్రిలో చూపిస్తే రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. వారంలో సగం రోజులు రక్తం శుద్ధి చేసే మెషీను దగ్గర, మిగతా సగం చేతికి పట్టీతో షెడ్డులో. తిట్టడానికి ఓపిక లేక హారనక్క బస్సు వైపు చూసి ఊరుకునేవాడు. ఆవిడకి అదే మింగుడుపడలేదు.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో టీ గ్లాసు బల్లమీద పెట్టి, నా కిడ్నీ ఒకటి మేస్త్రికిచ్చేస్తున్నాను అంది. సెలవు పెడుతున్నాను అన్నంత మామూలుగా. మేమంతా నవ్వాం. ఆవిడ నవ్వలేదు. మర్నాడే పరీక్షలకి వెళ్లింది. రక్తం కుదిరింది, ఆరోగ్యం కుదిరింది, డాక్టర్లు తల ఊపారు. మేస్త్రికి తెలిసి, నాకేం వద్దు పొమ్మన్నాడు. నీకు నచ్చిందీ నచ్చందీ అడిగానా అంది ఆవిడ. ఆ తర్వాత ఆయన ఓ మూల నిలబడి చాలాసేపు గుడ్డతో రెంచీ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అడ్డం వచ్చింది సర్కారు. రక్తసంబంధం లేనివాళ్లు అవయవం ఇవ్వాలంటే అనుమతి కమిటీ ముందుకి వెళ్లి, డబ్బు ఆశ లేదని, ఎవరి బలవంతమూ లేదని ఒప్పించాలట. అది చట్టం. హారనక్కకి ఎక్కడలేని కోపం వచ్చింది. నా ఒంట్లోది నేనిస్తానంటే మధ్యలో వీళ్లెవరు అని రూటంతా హారన్ కొడుతూనే ఉంది.

వాళ్లింట్లో పెద్ద చర్చే నడిచింది. వాళ్లాయన తాళాలు బాగుచేస్తాడు, మాట తక్కువ. నీ ఒళ్లు, నీ ఇష్టం, కానీ నాకు నిద్ర పట్టడం లేదు అని మాత్రం అన్నాడు. ఆడపడుచు భర్త రేషన్ నుంచి రోడ్ల దాకా అన్నింటికీ సర్కారుని తిట్టే మనిషి. మంచిపనికి కూడా ముద్ర వేయించుకోవాలా అని ఊగిపోయాడు. అత్తగారు మాత్రం సర్కారు వైపు. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది, ఎన్నో రహస్యాలు విని నోరు మూసుకున్న మనిషి. సర్కారు ఉండబట్టి సరిపోయిందే కోడలా, లేకపోతే ఎవడు ఏడిస్తే వాడికి ఓ ముక్క కోసిచ్చేసి, చివరికి మా ఇంటికి చీర మాత్రమే తిరిగొచ్చేది అంది. హారనక్కే ముందు నవ్వింది.

మొదటిసారి కమిటీకి నేనూ వెళ్లాను. సహోద్యోగి ఒకరు రావాలన్నారు. పొడుగాటి వరండా, గోడవారగా కుర్చీలు, ఓ చివర మంచినీళ్ల డ్రమ్ము. మా ముందు ఒక కొత్త కోడలు కూర్చుంది. మరిదికి ఇస్తోందట. చుట్టూ అత్తింటివాళ్లు. ఎవరేమడిగినా ఆ అమ్మాయి కంటే ముందు వాళ్లే జవాబిస్తున్నారు. ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుని కూర్చుందే గానీ తాగలేదు.

హారనక్క లోపలికి వెళ్లి ఎంత ఉత్సాహంగా మాట్లాడిందో గోడకవతల నాకు కూడా వినిపించింది. భయముందా అంటే లేనే లేదంది. ఎందుకిస్తున్నారంటే, ఆయన అందర్నీ టీ అడుగుతాడు, బీడీ అడుగుతాడు, ఇది మాత్రం అడగలేదు, అందుకే ఇస్తున్నానంది. తర్వాత నన్ను పిలిచారు. వాళ్లిద్దరి సంబంధం ఎలాంటిదని అడిగితే, రోజూ తిట్టుకుంటారండీ అన్నాను. అధ్యక్షురాలు రిటైరైన జడ్జి, తెల్లజుట్టు ఆవిడ. ఆవిడ మొహంలో నవ్వు మెరిసి మాయమైంది.

కొన్నాళ్లకి జవాబొచ్చింది: కుదరదు. ఆవిడ బస్సు రోడ్డెక్కాలా వద్దా అని సంతకం చేసేది మేస్త్రి. అంటే ఆవిడ మీద ఆయనకి కొంత పట్టుంది. పైగా జవాబులు ఎవరో నేర్పినట్టున్నాయి. కావాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

డిపో భగ్గుమంది. బస్సులాపేద్దామన్నారు కొందరు. మేస్త్రి మాత్రం ఇక చాలు, వదిలేయమని బతిమాలాడు. అప్పటికే ఆయన మొహం పాలిపోయి ఉంది. మెట్లెక్కి రెండో అంతస్తులో కమిటీ గుమ్మం ముందు పడిపోయినా సరే, మళ్లీ వెళ్తానంది హారనక్క. డిపో మేనేజర్ మంచివాడు. మేస్త్రికి ఆవిడ బస్సుతో సంబంధం లేకుండా సంతకం ఇంకొకరికి మార్చాడు. దరఖాస్తు మళ్లీ వెళ్లింది. ఎదురుచూపు మళ్లీ మొదలైంది. నెలలు గడిచాయి. మేస్త్రి షెడ్డుకి రావడం మానేశాడు.

రెండోసారి పిలుపొచ్చిన రోజు ఆవిడ యుద్ధానికి పోతున్నట్టే తయారైంది. దారి పొడవునా నాకు వాదన వినిపించింది. దేశాన్ని ఏలేవాళ్లు ముందు గుంతలు పూడ్చాలి, ఆ తర్వాత నా కడుపులో ఏముందో చూసుకోవాలి, ఇలా. నేను ఊ కొడుతూ నడిచాను. లోపలికి వెళ్లింది. ఈసారీ ఆ వాదన గోడకవతల నాకు వినిపించింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. తర్వాత కమిటీ సభ్యులు ఒక్కొక్కరే బయటికొచ్చి వరండాలో నిలబడ్డారు. లోపల హారనక్కా, తెల్లజుట్టావిడా మిగిలారు.

లోపల జరిగింది ఆవిడ నాకు ఆ సాయంత్రమే చెప్పింది. ఆవిడ వాదన మొత్తం విన్నాక అధ్యక్షురాలు తలుపు వేయించి, కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా అందట:

"అమ్మా, ఇప్పుడు ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. నీకు ఇవ్వాలని లేకపోతే ఇప్పుడే చెప్పు. ఆస్పత్రివాళ్లు నీ కిడ్నీ పనికిరాదని చెబుతారు. మేస్త్రికి గానీ, నీ డిపోకి గానీ, నీ మొగుడికి గానీ అసలు కారణం ఎప్పటికీ తెలియదు. అందుకే ఈ గది."

హారనక్కకి అప్పుడు గుర్తొచ్చిందట ఆ కొత్త కోడలు. పోయినసారి ఆ అమ్మాయి బయటికొచ్చాక కుదరలేదట, సరిపోలేదట అని అత్తింటివాళ్లు గొణుక్కుంటూ వెళ్లారు. వాళ్ల వెనకాల నడుస్తూ ఆ అమ్మాయి గ్లాసెడు నీళ్లు గటగటా తాగేసింది. అది నేనూ చూశాను. నిజంగానే సరిపోలేదో, ఈ గదిలో ఇంకేమన్నా జరిగిందో మాకు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ అంతవరకూ అడ్డుగోడ అనుకున్నది కొందరికి బయటపడే దారి అని హారనక్కకి అప్పుడే అర్థమైంది.

ఆ కుర్చీలో కూర్చుని, మొదటిసారి, వద్దని చెప్పొచ్చు అని ఆవిడ నిజంగా ఆలోచించిందట. డిపో అంతా చప్పట్లు కొట్టాక వెనక్కి తగ్గే దారి ఉందని ఆవిడకి అంతవరకూ తోచనే లేదు. మత్తిచ్చాక లేవకపోతే? ఉన్న ఒక్కటీ రేపు పాడైతే?

"భయంగా ఉందమ్మా," అంది. "చాలా భయంగా ఉంది. అయినా ఇస్తాను."

తెల్లజుట్టావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పోయినసారి భయమే లేదన్నావు. డబ్బు కోసం వచ్చేవాళ్లకి దళారులు నేర్పే మొదటి మాట అదే. అందుకే నిన్ను నమ్మలేకపోయాం," అంది.

తలుపు తెరుచుకుంది. సభ్యులు లోపలికెళ్లారు, మళ్లీ బయటికొచ్చారు. అనుమతి వచ్చేసింది. ఆ వరండాలో హారనక్క నన్ను పట్టుకుని ఊపిన ఊపుకి నా చొక్కా గుండీ ఊడి డ్రమ్ము కిందకి దొర్లిపోయింది. మెట్లు దిగామో, దూకామో నాకు గుర్తులేదు. డిపోకి ఫోన్ చేస్తే అవతల ఒక్కసారిగా అరుపులు. షెడ్డులో ఉన్న బస్సులన్నీ హారన్ మొదలుపెట్టాయట. పక్కవీధివాళ్లు ఏదో ప్రమాదమనుకుని పరిగెత్తుకొచ్చారు.

ఆపరేషన్ రోజు పొద్దున మా అందరికీ డ్యూటీ, అందరి చెవీ ఫోన్ మీదే. నేను చిల్లర తప్పిచ్చినా ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే ప్రయాణికులకి కూడా విషయం తెలుసు. ఎక్కినవాళ్లంతా ఏమైందని అడగడమే. హారనక్క వాళ్లాయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ రెండు మాటలు దాటని మనిషి ఆగకుండా మాట్లాడుతున్నాడు. కిడ్నీ కుట్టగానే బల్లమీదే పనిచేయడం మొదలెట్టిందట. ఆవిడ బదులు వచ్చిన డ్రైవరూ, నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. బస్సు మొత్తం చప్పట్లు.

మేస్త్రి కోలుకున్నాడు, ఆవిడా కోలుకుంది. అయితే కథ అక్కడితో ఆగలేదు. చట్టం మార్చాలని సర్కారు జనం మాట వినే సభ పెట్టింది. ఒక వర్గం కమిటీలే ఎత్తేయమంటుంది. ఇంకో వర్గం బయటివాళ్లిచ్చే పద్ధతే నిషేధించమంటుంది. రెండు వర్గాలవాళ్లూ మా డిపో గేటు దగ్గర హారనక్క కోసం కాపుకాశారు. ఇద్దరికీ ఆవిడ తమ మనిషే. ఆవిడ ఎవరితోనూ పోలేదు. ఒక్కతే వెళ్లి, నిండిన హాల్లో మైకు ముందు నిలబడింది. నేను వెనక వరుసలో గోళ్లు కొరుక్కుంటున్నాను.

నెలల తరబడి తిప్పడం దారుణం, ఆ లోపల మనుషులు పోతారు, గడువు పెట్టండి అంది. హాల్లో సగం చప్పట్లు. ఇచ్చేవాళ్లని ఒంటరిగా అడిగే ఆ గది మాత్రం తీసేయకండి అంది. మిగతా సగం చప్పట్లు. బయటివాళ్లకే కాదు, రక్తసంబంధం ఉన్న ఇంట్లోవాళ్లకీ ఆ గది తప్పనిసరి చేయండి, ఇంట్లోవాళ్లకే ఎక్కువ అవసరం అంది. ఒక్క క్షణం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత ముందు వరుసలో ఎవరో మొదలుపెట్టారు. అలా వెనక్కి వెనక్కి వచ్చి మా వరుస దాకా చేరేసరికి నేను లేచి నిలబడి ఉన్నాను.

ఆ వర్షాకాలం చట్టం మారింది. గడువు వచ్చింది, ఆవిడ అడిగినదానికంటే కొంచెం ఎక్కువే పెట్టారు. గది అందరికీ వచ్చింది. ఆడపడుచు భర్త ఇప్పటికీ ఒప్పుకోడు, సర్కారు వేలు పెట్టిన చోటల్లా పుండే అంటాడు. అత్తగారు అతనికి కాఫీ పంచదార లేకుండా ఇస్తుంది. వార్త వచ్చిన పొద్దున మేం ఆఖరి స్టాపు దగ్గర ఉన్నాం. నేను పేపరు చదివి వినిపించాను. హారనక్క స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, కళ్లు మూసుకుని, వింటూ కూర్చుంది. మళ్లీ చదవమంది. నేను గొంతు సవరించుకుని, ఎక్కుతున్న జనానికి కూడా వినపడేలా, మొదటినుంచి చదివాను.