నోట్లో యాసిడ్

గిద్దలూరులో మా నాయన బ్యాటరీల దుకాణం నడిపేవాడు. నా చిన్నప్పుడు ఒకరోజు బ్యాటరీలో పోస్తున్న యాసిడ్ ఆయన కుడికంట్లో చిందింది. ఆ కేక నాకింకా గుర్తుంది. ఆ కంటికి మళ్ళీ చూపు రాలేదు. అప్పట్నించి మా ఇంట్లో యాసిడ్ అన్న మాట వినపడితేనే అందరం బిగుసుకుపోయేవాళ్ళం.

పెళ్ళయి మార్కాపురం వచ్చాక, వానకు తడిసిన రోడ్డు మీద స్కూటీ జారి పడ్డాను. ముందు పన్ను సగం విరిగింది. నన్ను చూడడానికి వచ్చిన నాయనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరమ్మ నాకంటే చిన్నది. విరిగిన చోట పంటిరంగు ముద్ద పెట్టి అతికిస్తానంది.

"ముందు కొంచెం యాసిడ్ రాస్తానక్కా. అప్పుడే ముద్ద పట్టుకుంటాది."

నేను కుర్చీలోంచి లేచేలోపే నాయన మా మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"యాసిడా? నా బిడ్డ నోట్లోనా? ఏందమ్మా నువ్వనేది! పోదాం పా బిడ్డా."

డాక్టరమ్మ ఆయన పోయిన కంటి వైపు చూసింది. సంగతి అర్థమైనట్టుంది.

"ఇది బ్యాటరీలో పోసేది కాదు పెద్దాయనా. ఇట్ల చూడండి."

గ్లవుజు తీసేసి, చిన్న సిరంజిలోంచి నీలం జెల్లు తన బొటనవేలి గోటి మీద పెట్టుకుంది. కాసేపుంచి తుడిచేసింది. గోరు గోరులాగే ఉంది.

"పంటి పైపొర గరుకవుతాది, అంతే. మన ఫ్లోరైడు నీళ్ళు తాగిన పళ్ళు దీనికి తొందరగా లొంగవు. ఇంకొంచెం సేపు ఉంచాల."

ఇంకొంచెం సేపు అనేసరికి నా భయం రెట్టింపయింది. అయినా సగం పన్నుతో నలుగుర్లో తిరగలేక మళ్ళీ కుర్చీలో పడుకున్నాను. నాయన నా పాదం పట్టుకున్నాడు.

"కళ్ళు మూసుకో బిడ్డా. గట్టిగా మూసుకో."

పంటి మీద చల్లగా తగిలింది. మంట కోసం ఎదురుచూశాను. రాలేదు. లోలోపలే తినేస్తోందేమోనని ఇంకా హడలిపోయాను. అంతలో నాలుక కొసకు పులుపు తగిలి ఒళ్ళంతా ఎగిరిపడింది.

"కదలొద్దక్కా!"

నాయన పట్టు బిగిసింది.

డాక్టరమ్మ నీళ్ళు చిమ్మి కడిగి, గాలి కొట్టింది. పన్ను సుద్దముక్కలాగా తెల్లబడిందనీ, యాసిడ్ బాగా పట్టిందనీ చెప్పింది. ఆ తర్వాత ముద్ద పెట్టి, అది గట్టిపడడానికి దాని మీద లైటు వేసింది. అద్దంలో చూసుకుంటే పన్ను నిండుగా ఉంది.

నాయన అటు చూడనేలేదు. స్టూలు మీద కూలబడి, డాక్టరమ్మ ఇచ్చిన నీళ్ళు సగం చొక్కా మీదే ఒలకబోసుకున్నాడు.

మొన్నామధ్య ఆ ముద్ద అంచు ఊడితే ఆయనకు చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్ళాను. ఏం చేస్తారో అంతా తెలుసు. అయినా ఆ నీలం జెల్లు సిరంజి కనపడగానే నా చేతులు కుర్చీ పిడులను గట్టిగా పట్టుకున్నాయి.