బరువైన పటిక

ఆ గదిలో అడుగుపెట్టగానే సంతోషకుమారి కిటికీలన్నీ బార్లా తెరిచేది. సునామీ వచ్చి మూడు వారాలైనా ల్యాబులో కుళ్ళిన రొయ్యల కంపు పోలేదు. దీవిలో సిప్పీఘాట్ ఊరి దగ్గరున్న ఆ స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా ఆమె ల్యాబ్ అటెండరు. కింది అంతస్తులో నడుం లోతున సముద్రం నిలిచింది. సీసాల మీది కాగితాలన్నీ ఊడి నల్లటి బురదలో గుజ్జయ్యాయి. ఎత్తిపోస్తుంటే గోళ్ళ సందుల్లో దూరేది. అన్నం ముద్ద నోటి దగ్గరికొస్తే అదే వాసన.

అంతకంటే రోత కొత్త కెమిస్ట్రీ సారు మోహన్‌కృష్ణ చేసిన పని. తనిఖీ వస్తోందని ఒక్క మధ్యాహ్నంలో ముప్పైనాలుగు సీసాలకూ మైదా జిగురుతో పేర్లు అంటించేశాడు. ఒక్క మూత తీసి చూస్తే ఒట్టు. జిగురు పులిసి బొద్దింకలు చేరాయి.

ఆ రోజు పై అంతస్తులో, ఇళ్ళు పోయినవాళ్ళ శిబిరంలో వంట చూసే నూకయ్య దిగొచ్చాడు.

"సార్, ఇంకొంచెం ఫిట్కరీ ఇప్పించండి. పొద్దున్న మీరిచ్చిన పిడికెడూ డ్రమ్ములో వేశాను. తేరడం దేవుడెరుగు, నీళ్ళు పాలల్లే అయిపోనాయి."

"తీసుకెళ్ళు భయ్యా" అని సారు 'పటిక' అని రాసున్న సీసా చూపించాడు.

సంతోషకుమారి అందివ్వబోయింది. చెయ్యి కిందికి లాగింది. పటిక సీసాని ఆమె కొన్ని వందలసార్లు మోసింది, ఇంత బరువెప్పుడూ లేదు.

"నూకయ్య భయ్యా, ఆ నీళ్ళు ఎవరైనా తాగారా?"

"ఇంకా లేదమ్మా. తేరలేదుగా, ఎలా పోస్తాను?"

"ఎవర్నీ ముట్టనివ్వకు. ఒక్క నిమిషం ఆగు."

పక్కన 'ఉప్పు' అని అంటించిన సీసా ఎత్తింది. అంతే నిండుగా ఉన్నా తేలిగ్గా ఉంది. రెండింట్లోంచీ చెరో చెంచా పొడి గాజు గొట్టాల్లో పోసి, లోపల చుక్క నీరు పడకుండా ఆ గొట్టాల్ని మరిగే నీళ్ళలో నిలబెట్టింది. 'ఉప్పు' కాసేపటికి కరిగి నీరైంది. 'పటిక' గులకరాళ్ళలా అలాగే ఉండిపోయింది.

"సార్, నీళ్ళు తగలకపోయినా మరిగే నీళ్ళ వేడికే కరిగేది పటిక. మీరు 'ఉప్పు' అని అంటించిందే అది. మీ పటిక ఆ వేడికి కరగదు, రాయంత బరువు. స్టాకు పుస్తకంలో ఇంత బరువైన తెల్ల పలుకులు ఒక్కటే రకం. బేరియం క్లోరైడ్."

మోహన్‌కృష్ణ మొహం పాలిపోయింది. "అది... విషం కదా దీదీ?"

"అరె బాప్ రే!" నూకయ్య మెట్లన్నీ ఎగబాకి, డ్రమ్ముకి మూతపెట్టి దాని మీదే కూర్చున్నాడు. గ్లాసులు పట్టుకుని వరసలో ఉన్న ఆడవాళ్ళు తిట్టిపోశారు.

"ఏటయ్యా, దాహమేస్తంటే సింహాసనమా?"

"లేవనంటే లేవను! సంతోషమ్మ చెప్పేదాకా చస్తే లేవను!"

కింద సారు గొణిగాడు. "అన్నీ తెల్లగానే ఉంటే నాకెలా తెలుస్తుంది దీదీ?"

సంతోషకుమారికి డోకొచ్చినంత పనైంది. బురదకి కాదు.

"ఎత్తి చూస్తే తెలుస్తుంది. మీరు ఎత్తలేదు" అని పాత బ్లేడు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ముందు వెళ్ళి, ఆ డ్రమ్ములో ఏం కలిపారో మీ నోటితో వాళ్ళకి చెప్పండి. తర్వాత వచ్చి ఈ కాగితాలు గీకండి. ముప్పైనాలుగూ."

అతను జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయాడు.

"అది తీసెయ్యండి సార్. వాసన కూడా చూడాలి."