అడుగున జానెడంత

మా కొత్త ఇంట్లో మేస్త్రీ నేలమీద పరిచిన రాళ్లను కర్రతో తట్టి చూస్తున్నాడు. ఖంగుమంటే ముందుకు జరుగుతున్నాడు, డొల్లగా మోగితే సుద్దతో గీత గీస్తున్నాడు. ఆ చప్పుడుకు రాజలింగు కాక గుర్తొచ్చి గర్వంగా నవ్వుకున్నాను. గోదావరిఖని బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. షిఫ్టు మొదలవగానే పైకప్పును కడ్డీతో తట్టి, మోతను బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పేవాడట.

తెలంగాణ రాకముందు మాట. బొగ్గు తీసి వదిలేసిన ఓపెన్‌కాస్టు గుంతలో నీళ్లు నిండితే, కాక వాళ్ల మత్స్య సంఘం అందులో మృగాల అనే రకం చేపపిల్లల్ని వదిలింది. రెండేళ్లైనా పైన తేలే వలలకు ఏమీ చిక్కలేదు. చేపలున్నాయని తేలితేనే గుంత సంఘానికి ఉంటుంది, లేదంటే పోతుంది. అది తేల్చడానికి సోనార్ యంత్రంతో వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగిని నేను. యంత్రం నీళ్లలోకి శబ్దం పంపి, అది దేనికి తగిలి తిరిగొచ్చిందో తెరమీద గీతగా చూపిస్తుంది. పడవను ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తించాను. అడుగుభాగం లావుపాటి గీతగా కనిపించింది, అంతే. ఒడ్డుకొచ్చి ‘చేపలు లేవు’ అని రాసేశాను. చదువుకున్నదాన్ని కదా, ఆ మాత్రం పొగరుండేది.

కాక కాగితం చూశాడు.

“ఏంది బిడ్డా, గింత జల్ది రాసినవ్? పైకప్పును గిట్ల ఉరుక్కుంట కొడితే మేము ఎప్పుడో సచ్చేటోళ్లం.”

“యంత్రం అబద్ధం చెప్పదు కాకా.”

“యంత్రాన్ని ఎవలు తప్పువట్టిన్రు? పైకప్పుకు పలుచటి పెళ్ల అంటుకొని ఉంటది. ఉరుక్కుంట కొడితే మోత ఒక్కతీరుగనే వస్తది. ఒక్కకాడ నిలబడి కొట్టి ఇంటె ఎర్కైతది. ఈ చాపలు గూడ మన్నుకు అంటుకొనే ఉంటయ్. పడవ ఆపు. అడుగున జానెడంత చూడు.”

అడుగుభాగాన్ని మాత్రమే పెద్దదిగా చూపే మీట యంత్రంలో ఉంది. నాకు తెలుసు కూడా, తొందరలో వాడలేదు. మళ్లీ నీళ్లలోకి వెళ్లాం. పడవ ఆపి, అడుగున చివరి మీటరు లోతునే తెరనిండా పరిచాను. లావు గీత రెండుగా విడిపోయింది. కింద నేల, దానిపైన సన్నగా, కదులుతూ ఇంకో గీత!

“కాకా!” అని అరిచాను.

“అరిస్తె పారిపోతయ్, ఆగు” అంటూ ఆయన వలకు రాళ్లు కట్టించి అడుగుదాకా దింపించాడు. లాగడానికి నలుగురు పట్టారు. పడవనిండా మృగాల చేపలు ఎగిరెగిరి పడుతుంటే ఒడ్డున ఒకటే ఈలలు. గుంత సంఘానికే ఉండిపోయింది. నా పరీక్షలు పాసైనప్పుడు కూడా అంత సంతోషం నేనెరగను.

పాత కాగితం చింపబోతే కాక చెయ్యి పట్టుకున్నాడు.

“చింపకు బిడ్డా. అండ్లనే దిద్ది సంతకం పెట్టు. గిండ్ల సిగ్గేంది?”

అందరి ముందూ ‘లేవు’ కొట్టేసి ‘ఉన్నాయి’ అని పెద్దక్షరాలతో రాశాను.

ఇప్పుడు నా చేతికింద పనిచేసేవాళ్లు ఎవరైనా ‘లేవు మేడమ్’ అంటే కోప్పడను. పడవ ఆపమంటాను.