బాబాయి చూపించిన లండన్

మా బాబాయికి యూకే వీసా రాలేదు. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ వీసాలు ఇప్పిస్తానని హైదరాబాద్‌లో అద్దాల ఆఫీసు పెట్టుకున్న మనిషికి సొంత వీసా రిజెక్ట్ అయింది. ఇంట్లో ఎవరూ ఈ సంగతి పైకి అనేవారు కాదు. పిన్ని మాత్రం ఫోన్లో నాతో, "మీ బాబాయి తన అప్లికేషన్ తనే నింపుకున్నాడే, ఇంకెలా వస్తుంది?" అంది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. మా తాతయ్య రైల్వేలో పనిచేశారు కాబట్టి అక్కచెల్లెళ్ళిద్దరూ పాసుల మీద దేశమంతా తిరిగి పెరిగారు. పెళ్ళయ్యాక పిన్ని రైలెక్కింది తక్కువ. బాబాయికి రైలంటే నామోషీ. అలాంటిది, పెళ్ళయి పాతికేళ్ళయిందని, ఇంగ్లండ్ తీసుకెళ్ళి పాత ఊళ్ళూ కోటలూ చర్చిలూ అన్నీ రైల్లోనే చూపిస్తానని ఆయన మాటిచ్చాడు. పిన్ని నమ్మింది. ఏ ఊరి తర్వాత ఏ ఊరు వస్తుందో, కిటికీలోంచి సముద్రం ఎక్కడ కనబడుతుందో నాకు కంఠతా చెప్పేది. వీసా రాకపోయేసరికి, పాస్‌పోర్టుల్లో అప్పటికే ఉన్న కెనడా విజిటర్ వీసా పట్టుకుని ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

నేనప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉండేదాన్ని. ఇంగ్లండ్‌ది కాదు, కెనడాలోని ఒంటారియో కేంబ్రిడ్జ్. మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులవి. ఏ బస్సెక్కినా తెలుగే వినబడేది. ఏ ఇంటి బేస్‌మెంట్ తలుపు తీసినా చెప్పుల గుట్ట ఉండేది. వారంలో కొన్ని రోజులు కాలేజీకి, మిగతా రోజులు వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలకి టేపు వేయడానికి వెళ్ళేదాన్ని. నన్ను పంపింది కూడా బాబాయే. ఆఫీసు ప్రచారానికి ఆయన పెట్టే వీడియోల్లో నా ఫొటో వచ్చేది. కింద, 'కేంబ్రిడ్జ్‌లో చదువుతున్న మా ఇంటి అమ్మాయి' అని రాసి ఉండేది. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన ప్రతిభంతా అందులోనే ఉంది.

వచ్చిన మర్నాడే మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాడు. "ఇక్కడా స్ట్రాట్‌ఫర్డ్ ఉంది, లండన్ ఉంది, విండ్సర్ ఉంది. అన్నిటికీ రైలుంది. ఇంకేం కావాలి మీ పిన్నికి?" అన్నాడు.

"కేంబ్రిడ్జ్‌కి మాత్రం రైలు లేదు బాబాయి. పక్క ఊరిదాకా బస్సులో వెళ్ళాలి" అన్నాను.

"బస్సు సంగతి ఎవరికి చెప్పాలిప్పుడు?" అన్నాడు.

మొదట స్ట్రాట్‌ఫర్డ్ వెళ్ళాం. ఇంగ్లండ్‌లో ఎవరో మహా నాటకకర్త పుట్టిన ఊరి పేరు తెచ్చుకుని, నదికీ అక్కడి నది పేరే పెట్టుకుని, అందులో హంసల్ని వదిలిన ఊరది. హంసలకి చలికాలం వేరే షెడ్డు ఉంటుందట. పెట్టుకున్న పేరుకి తగ్గట్టు బతకాలని ఊరు ఊరంతా తంటాలు పడుతున్నట్టు నాకు అనిపించింది. పూలకుండీలు, రాతిమెట్లు, నాటకాల టికెట్లు కొనుక్కున్న ముసలి దంపతులు. అయినా నది బాగుంది. పిన్ని బెంచీ మీద కూర్చుని చెప్పులు విడిచి కాళ్ళు గడ్డిలో పెట్టింది. "ఇక్కడే ఉండిపోదామా?" అంది.

బాబాయి అప్పటికే నా చేతికి ఫోన్ ఇచ్చి నది ముందు నిలబడ్డాడు. కెమెరా కనబడితే ఆయన గొంతు మారిపోతుంది. పెళ్ళిళ్ళలో మైకు దొరికిన పెద్దమనుషుల గొంతు వస్తుంది. "హలో స్టూడెంట్స్! మనం ఇప్పుడు చారిత్రక స్ట్రాట్‌ఫర్డ్ నగరంలో ఉన్నాం. వెనకాల మీరు చూస్తున్నది ఏవన్ నది. మన కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన పిల్లలు వీకెండ్స్‌లో ఇక్కడికే వస్తారు."

నాకు తెలిసిన పిల్లలెవరూ వీకెండ్స్‌లో నదుల దగ్గరికి వెళ్ళరు. షిఫ్టులకి వెళతారు. వీడియో అయ్యాక, "కెనడా అని ఒక్కసారి కూడా అనలేదేం బాబాయి?" అని అడిగాను.

"స్టేషన్ బోర్డు మీద ఏముంది? నేను చదివింది అదే. వినేవాళ్ళు ఏమనుకుంటే నేనేం చేసేది?"

తర్వాత పిన్నిని లేపి పక్కన నిలబెట్టుకుని ఇంకో వీడియో తీయించాడు. పిన్ని ఆయన వీడియోల్లో అమ్మలాంటి మేడమ్. ఆఫీసుకి వచ్చిన తల్లులకి కాఫీ ఇచ్చి, భయపడొద్దని చెప్పేది ఆవిడే. ఆవిడ ముఖం చూసి నమ్మినవాళ్ళు ఎంతోమంది ఉంటారు. నేనూ ఆ ముఖం చూసే నమ్మాను. ఆ రోజు పిన్ని కెమెరా వైపు నవ్వింది కానీ చెప్పులు వేసుకోలేదు.

మర్నాడు లండన్. స్టేషన్ బయట పార్కింగ్ లాట్లు, వాటి పక్కన ఇంకొన్ని పార్కింగ్ లాట్లు. థేమ్స్ అన్నారు కదా అని పిన్ని అడిగితే చూపించాను. గోధుమరంగు నీళ్ళు, ఒడ్డున ఒక షాపింగ్ కార్ట్ బోర్లా పడి ఉంది. పిన్ని రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూసింది. "పాపం, దీనికి ఆ పేరెందుకు పెట్టారే? మామూలు పేరు పెడితే మామూలుగా ఉండేది కదా" అంది.

ఒక పబ్బు ముందు ఎర్ర టెలిఫోన్ పెట్టె కనబడగానే బాబాయి ప్రాణం లేచొచ్చింది. లోపల ఫోన్ లేదు, పూలకుండీ ఉంది. దానికి ఆనుకుని నిలబడి, "స్టూడెంట్స్! ఫైనల్లీ, లండన్!" అని మొదలుపెట్టాడు. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

బస్‌స్టాప్ నుంచి ఒకమ్మాయి మా వైపు నడిచి వచ్చింది. భుజాన బ్యాగు, జాకెట్ కింద కాఫీ షాపు యూనిఫారం. "సార్, మీరు వీడియోల సార్ కదా?" అంది.

బాబాయి ముఖం వెలిగిపోయింది. "అవునమ్మా. ఏ ఊరు?"

"కరీంనగర్ దగ్గర సార్. మీ ఆఫీసుల నుంచే వచ్చిన. లండన్‌ల కాలేజీ అని చెప్పిండ్రు."

"లండనే కదమ్మా ఇది!" అని నవ్వాడు. నన్నూ నవ్వమన్నట్టు చూశాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. "వీసా వచ్చినంక నాకు తెలిసింది సార్. మా నాయనకు ఇప్పటికీ తెల్వదు. ఇంగ్లండ్ లండన్ అనుకుంటుండు. ఊరంత అట్లనే చెప్పుకున్నడు. రాణి ఇల్లు చూసినవా బిడ్డా అని అడుగుతడు. చూసిన నాయనా అని చెప్తున్న." గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. రోజూ చేసే పని గురించి చెబుతున్నట్టే ఉంది. "అది కాదు సార్ నేనడిగేది. కో-ఆప్ ఉంటది, చదువుల భాగంగనే జీతమిచ్చే పని దొరుకుతది అన్నరు కదా. కాలేజీల అడిగితే మా కోర్సుకు లేదంటున్నరు."

"అవన్నీ ఒక మెయిల్ పెట్టమ్మా, మా టీమ్ చూసుకుంటుంది." ఇంకో మాట మాట్లాడనివ్వకుండా ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంతదూరంలో కలిశాం, ఒక టెస్టిమోనియల్ ఇస్తావా? రెండు ముక్కలు చాలు. ఎలా ఉంది లండన్, ఎంత హ్యాపీగా ఉన్నావు, అంతే."

జీవితంలో చాలామంది సిగ్గులేనివాళ్ళని చూశాను. వాళ్ళలో ఎక్కువమంది తప్పు దొరికిపోయాక బుకాయిస్తారు, లేదా అరుస్తారు. ఎదురుగా నిలబడి తప్పు చూపించిన పిల్ల చేతే తన గొప్పలు చెప్పించుకోవాలనుకున్న మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ అమ్మాయి ఛీకొడుతుందనుకున్నాను. కొట్టలేదు. జాకెట్ జిప్పు పైదాకా లాగి యూనిఫారం కనబడకుండా చేసుకుంది. "మా తమ్ముని ఫైల్ మీ దగ్గరనే ఉంది సార్. జర చూడుండ్రి" అని, టెలిఫోన్ పెట్టె పక్కకి వెళ్ళి నిలబడి, నా వైపు తిరిగి నవ్వింది.

పిన్ని నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఏంటది? ఇటివ్వు" అన్నాడు బాబాయి.

"ఇవ్వను. ఆ పిల్ల నోటితో ఇంకా ఎన్ని చెప్పిస్తారు?" అని అమ్మాయి వైపు తిరిగింది. "అమ్మా, తమ్ముణ్ణి ఆపు. మీ నాన్న నంబరివ్వు, నేను మాట్లాడతాను."

అప్పటిదాకా స్థిమితంగా ఉన్న అమ్మాయి ఒక్కసారిగా బెదిరిపోయింది. "వద్దు మేడమ్, దండం పెడ్త. నాయనకు చెప్పకుండ్రి. ఊర్ల తలెత్తుకోలేడు." బస్సు వచ్చింది. పిన్ని ఇంకేదో అనబోయేలోపే పరిగెత్తి ఎక్కేసింది.

ఆ రాత్రికి తీసుకున్న హోటల్‌కి నడిచి వచ్చాం. లాబీలో బాబాయే మాట ఎత్తాడు. "రేపు విండ్సర్ టికెట్లున్నాయి. ఈ మూతి ముడుపులు అక్కడ కూడా కొనసాగిస్తావా?"

"నేను రాను. మీరు వెళ్ళండి" అంది పిన్ని. "నది అవతల అమెరికా కనబడుతుందటగా. అదీ చూశానని చెప్పుకోండి."

మర్నాడు ఆయన నిజంగానే ఒక్కడే పడమటి వైపు రైలెక్కాడు. మేమిద్దరం వెనక్కి బయల్దేరాం. కిటికీ పక్కన మొక్కజొన్న పొలాలు, తుప్పుపట్టిన ధాన్యపు గోదాములు. పిన్ని వాటిని చూస్తూ, "నువ్వు కేంబ్రిడ్జ్‌లో ఉన్నావని తల్లులందరికీ చెప్పేదాన్ని. వాళ్ళు అబ్బో అనేవారు. ఎందుకంటున్నారో నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను" అంది. ఆమెని ఓదార్చాలని నాకు అనిపించలేదు. ఆమె కూడా ఓదార్పు కోసం చూడలేదు. కాసేపటికి టీ తెచ్చుకుని తాగాం.

బాబాయి విండ్సర్ నుంచి అమెరికా మేడల వీడియోతో తిరిగొచ్చాడు. అది చాలామంది చూశారు. ఆ ఏడాది ఆఫీసు ఇంకో అంతస్తు పెరిగింది. పిన్ని మాత్రం మళ్ళీ అందులో అడుగుపెట్టలేదు. కరీంనగర్ అమ్మాయి తండ్రి కొడుకు పని మీద హైదరాబాద్ వచ్చినప్పుడు, ఆఫీసు స్టాఫ్ ద్వారా తెలుసుకుని, ఆఫీసు బయటే ఆయన్ని కలిసింది. కూతురి గుట్టు బయటపెట్టకుండా, అబ్బాయిని మన దేశంలోనే చదివించమని బతిమాలింది. ఆయన పిన్నిని చూసి జాలిపడ్డాడట. "బిడ్డ లండన్‌ల ఉన్నదమ్మా. కొడుకును ఈడ పెడితే వానికి అన్యాయం చేసినట్టు కాదా?" అన్నాడట. ఆ అబ్బాయి కూడా కెనడా వచ్చేశాడు.

తర్వాత ఇక్కడ రూల్స్ బిగిశాయి, చదువుకునేవాళ్ళకిచ్చే పర్మిట్లు తగ్గించేశారు. బాబాయి కెనడా బోర్డు పీకేసి జర్మనీ బోర్డు పెట్టాడు. ఈమధ్య ఇండియా వెళ్ళినప్పుడు ఒక పెళ్ళిలో ఎదురుపడి, "జర్మన్ నేర్చుకోకూడదూ? నీలాంటివాళ్ళకి అక్కడ మంచి స్కోప్ ఉంది" అని సలహా ఇచ్చాడు. ఆయన ముఖంలో ఎక్కడైనా చిన్న తడబాటు కనబడుతుందేమోనని చూశాను. ఏమీ లేదు. వడ్డనకి పిలిచారని చెప్పి, అటువైపు వెళ్ళిపోయాను.