కరిగిపోయే దారంతో కట్టిన కళ్లజోడు

ఆ క్లినిక్కులో నర్సును అందరూ సన్నక్క అంటారు. మనిషి సన్నగా ఉంటుందని కాదు, పక్కకి తిరిగితేగాని తలుపులో పట్టదు. వెంట్రుకంత సన్నని కుట్టుదారాన్ని డాక్టరమ్మ చెయ్యి చాచేలోపే అందిస్తుందని.

కన్నెపొర చిరిగిందనీ, పెళ్లయ్యాక మాట పడాల్సి వస్తుందనీ బెంగపడే అమ్మాయిలు అక్కడికి వస్తుంటారు. డాక్టరమ్మ అంచులు కలిపి కుట్టి పంపుతుంది. మూడు వారాల్లో దారం కరిగిపోతుంది, గాయం మానుతుంది. "రక్తం కనబడుతుందని మాత్రం మాటివ్వనమ్మా. ఏ కుట్టూ అక్కర్లేనివాళ్లలోనే చాలామందికి కనబడదు" అని ముందే చెప్పేస్తుంది.

తర్వాత ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోవడం సన్నక్క వంతు. గుట్టు బయటపడకుండా "కళ్లజోళ్ల షాపు నుంచండీ" అంటుంది.

ఒకరోజు, అలా కుట్టించుకెళ్లిన ఓ లెక్కల టీచరుకు ఫోన్ చేస్తే, కాబోయే అత్తగారు ఎత్తింది.

"అమ్మాయి పెళ్లిబట్టలు వేసుకుని చూసుకుంటోంది. కళ్లజోళ్ల షాపా? నాదీ విరిగింది, ఎక్కడమ్మా మీ షాపు?"

కంగారులో సన్నక్క అసలు చిరునామా చెప్పేసింది!

గంటలో ఆవిడ మెట్లెక్కి వచ్చేసింది. గుమ్మం మీద డాక్టరమ్మ పేరు తప్ప ఇంకేమీ లేదు కాబట్టి సరిపోయింది. అయినా సన్నక్క ఇంకో మాట రానివ్వకుండా కళ్లజోడు అందుకుంది. తను నోరు జారితే ఆ పిల్ల పెళ్లి గోవిందా. కళ్లజోడుకి స్క్రూ ఊడింది. చేతికందిన కుట్టుదారంతోనే కాడ బిగించి, ఏడు ముళ్లేసింది.

"వందేళ్లుంటుంది పిన్నిగారూ!"

నెల తిరిగేసరికి పెళ్లయింది. ఆవిడా తిరిగొచ్చింది, అద్దాలు ఒక చేత్తో, కాడ ఇంకో చేత్తో పట్టుకుని.

"రోజూ వేణ్ణీళ్లతో కడిగితే నీ వందేళ్లూ కరిగిపోయాయి తల్లీ. ముప్ఫయ్యేళ్లు కాన్పుల వార్డులో ఆయాగా చేశాను. ఈ దారం నాకు తెలీదూ? నువ్వు ముడేస్తున్నప్పుడే పోల్చుకున్నా, పెళ్లికి ముందు ఆడపిల్లలు ఇక్కడికెందుకొస్తారో కూడా."

సన్నక్క గబగబా తలుపు మూసింది. "మరి... పెళ్లి?"

"దగ్గరుండి చేయించాను! దుప్పట్లు తిరగేసి చూసే ఓపిక నాకెక్కడిది? కానీ ఆ పిల్ల ఇంకా నన్ను చూసి బిక్కచచ్చిపోతోంది. ఏదీ, నీ షాపు ఫోను ఇలా ఇవ్వు."

ఫోన్ కలిసింది.

"అమ్మాయ్, కళ్లజోళ్ల షాపులో ఉన్నా. నాకంతా తెలుసు."

అవతల సన్నని గొంతు. "కోపమా అత్తయ్యా?"

"కోపం కాదూ మరి! కళ్లజోడే లేని పిల్ల కళ్లజోళ్ల షాపుకెళ్తే నేను నమ్మేశాననుకున్నావా?"

అవతల నవ్వో ఏడుపో తెలియని చప్పుడు మొదలై, చివరికి నవ్వేనని తేలింది.

మర్నాడు సన్నక్క బుల్లి స్క్రూల డబ్బా ఒకటి కొని, కత్తెరల పక్కన పెట్టుకుంది. షాపన్నాక ఆ మాత్రం సరుకుండాలిగా.