హిస్టరీ ఖాళీ అయిన పొద్దు

మధురానగర్‌లో మా పై వాటాలో ముగ్గురు ఆడపిల్లలు ఉండేవారు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. భోజనం నా దగ్గరే. మనవరాలు పెళ్లయి వెళ్తూ వదిలేసిన కంప్యూటర్ హాల్లో ఉండేది. నెట్ సెంటర్లలో డబ్బు తగలేయడం ఎందుకని సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా వాళ్లను వాడుకోనిచ్చేదాన్ని. ఎనిమిది కొట్టగానే స్విచ్ కట్టేసేదాన్ని.

వాళ్లు నాతో పెద్దగా మాట్లాడేవారు కాదు. లైటు ఆర్పలేదని, బకెట్ నిండినా కుళాయి కట్టలేదని అరిచే మనిషితో ఏం మాట్లాడతారు? "మామ్మా, చారు" అనడం, నేను పోయడం, అంతే.

అయినా వాళ్ల సంగతులన్నీ నాకు తెలిసేవి. బ్రౌజర్‌లో హిస్టరీ అని ఒకటుందని, ఏ టైముకు ఏం చూశారో అందులో పడి ఉంటుందని మనవరాలే ఒకసారి చూపించింది. ఎవరు ఏ టైముకు కూర్చునేదీ నాకు ఎలాగూ తెలుసు. పిల్లలు క్లాసులకు వెళ్లాక కూరలు తరిగేసి, కళ్లద్దాలు పెట్టుకుని దాని ముందు కూర్చునేదాన్ని. నాది ఐదో తరగతి చదువు. ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని, తెలియనివి డిక్షనరీలో వెతుక్కునేసరికి పదకొండయ్యేది. ఒకమ్మాయికి జుట్టు రాలుతోంది. ఇంకొకమ్మాయి ఉద్యోగం రాకపోతే ఇంట్లో ఎలా చెప్పాలా అని వెతుకుతోంది. ఎవరైనా గొంతు నొప్పి గురించి చూస్తే ఆ పూట చారులో నాలుగు మిరియాలు ఎక్కువ పడేవి. పగలంతా పలకరించే మనిషి లేని ఇంట్లో నాకు అవే కబుర్లు. తప్పని తోచలేదు. నా ఇల్లు, నా కంప్యూటర్ అనుకున్నాను.

మూడో అమ్మాయిది కరీంనగర్ వైపు. ఆ పిల్ల వరసగా వారం రోజులు తండ్రికి కూతురు కిడ్నీ ఇవ్వొచ్చా అని, డయాలసిస్ గురించి, ఆసుపత్రికి వెళ్లే బస్సుల గురించి చూసింది. నా మనసు ఊరుకోలేదు. అన్నం వడ్డిస్తూ నోరు జారాను.

"మీ నాన్నకి కూరల్లో ఉప్పు తగ్గించమనవే."

ఆ పిల్ల చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మా నాయిన సంగతి మీకెవరు చెప్పిన్రు?"

"ఎవరో అన్నారు."

"నేనెవ్వరికీ చెప్పలే మామ్మా. గీళ్లకు సుత చెప్పలే."

మిగతా ఇద్దరూ నా వంక చూశారు. ఆ పిల్ల సగం అన్నం వదిలేసి లేచింది. పారేసిన మెతుకులకు నేను కేకలెయ్యని పూట అదొక్కటే.

మర్నాడు సాయంత్రం కంప్యూటర్ దగ్గర నుంచి తనే పిలిచింది. "మామ్మా, జర ఇటు రండి. బ్రౌజర్‌కు యాడ్-ఆన్‌లు ఏస్తున్న. మీరు సుత చూడుండ్రి."

పక్కన నిలబడ్డాను.

"గిదేమో ప్రకటనలు రాకుండ ఆపుతది. గిదేమో మనం ఏ సైటుకు పోతే ఆడికి ఎంటబడి, ఏం జూస్తున్నమో రాసుకునేటోళ్లను ఆపుతది. ఇగ గిది, బ్రౌజర్ బంద్ చేయంగనే హిస్టరీ మొత్తం తుడిచేస్తది."

"మన వెంట పడేదెవరే?"

"కంపెనీలోళ్లు." స్క్రీన్ మీద నుంచి తల తిప్పలేదు. "ఇంట్లోళ్లు సుత ఉంటరు."

"డబ్బులేమైనా కట్టాలా?" అన్నాను.

"ఫ్రీ. వద్దనుకుంటే గిక్కడ నొక్కి తీసేయొచ్చు. మీ కంప్యూటర్, మీ ఇష్టం."

మర్నాడు కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంటే హిస్టరీలో ఏమీ లేదు. తెల్లగా ఉంది. పక్కన మెరుస్తూ ఉండే చీరల ప్రకటనలు కూడా పోయాయి. తొమ్మిదిన్నరకే పని అయిపోయింది. ఇక సాయంత్రం దాకా నేను, గోడ గడియారం.

నాలుగో రోజు ఆ పిల్ల సంచి సర్దుకుని, "ఊరికి పోతున్న" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. వారమైనా రాలేదు. వాళ్ల నాన్న ఉన్నాడో లేడో నాకు తెలియదు. మిగతా ఇద్దరినీ అడిగితే, "మాకేం చెప్పలేదు మామ్మా" అన్నారు. చెప్పినా నాకు చెబుతారా?

ఒక పొద్దున కంప్యూటర్ పెట్టి, ఆ తుడిచేదాన్ని తీసేయడానికి ఆ పిల్ల చూపించిన చోటికి బాణం గుర్తు తీసుకెళ్లాను. తుడిచినవి తిరిగి రావని తెలుసు. ఇకముందైనా తెలుస్తుంది కదా అనుకున్నాను. వేలు ఆనించాక మా అత్తగారు గుర్తొచ్చారు. కాపురానికొచ్చిన కొత్తలో మా అమ్మ రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు అంచులు చింపి, ఆవిడ చదివాకే నా చేతికొచ్చేవి. అందులోని సంగతులు వంటింట్లో నాకే వినిపించేవారు. అప్పటినుంచి అమ్మకు నేను మనసులో మాట ఒక్కటీ రాయలేదు. అమ్మ పోయేదాకా రాయలేదు.

నొక్కకుండానే కంప్యూటర్ కట్టేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల తిరిగొచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. మెట్ల దగ్గర ఎదురెళ్లాను. ఒక మనిషిని నేరుగా అడగడం ఇంత కష్టమని నాకు తెలియదు.

"మీ నాన్న ఎలా ఉన్నారే?"

"మీకు తెల్వదా?"

"తెలీదు. అందుకే అడుగుతున్నాను."

సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"బాగనే ఉన్నడు మామ్మా" అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

నిజమో కాదో నాకు తెలియలేదు. పైన గడియ పెట్టిన చప్పుడు విని, తన కోసం కాసిని బియ్యం ఎక్కువ పోయడానికి లోపలికి వచ్చాను.